ఒకే తాను గుడ్డ

మొన్న ఇనుప సందూక అడుగున నా కొలతల పుస్తకం దొరికింది. ఛాతీ, నడుము, చెయ్యి పొడుగు అంటూ ఏడాదికొక పేజీ ఎందుకు రాశావని మనుమరాలు అడిగితే క్రిస్మస్ బట్టల కోసమని చెప్పి ఊరుకున్నాను గానీ, అది సగం జవాబే. మిగతా సగం నా ఈడు వాళ్లకు చెబితేనే తెలుస్తుంది.

నేను ఎల్లారెడ్డిలో పంతులమ్మగా పనిచేసేదాన్ని. 1973 నుంచి ప్రతి ఏడూ నవంబరు రెండో శనివారం బస్సెక్కి కామారెడ్డి పోయి, ఒకే తానులోంచి ఇంటిల్లిపాదికీ గుడ్డ చింపించేదాన్ని. పిల్లలు ఎదిగాక లెక్క ఇలా ఉండేది: మా ఆయన అంగీకి రెండున్నర మీటర్లు, నా జాకెట్టుకు ఒకటి, పెద్దమ్మాయికి రెండున్నర, అబ్బాయికి ఒకటి ముప్పావు, చిన్నమ్మాయికి ఒకటిన్నర, వెరసి తొమ్మిదింబావు. ఆ గుడ్డంతా అక్కడే ఒక ముసలి దర్జీ చాచాకు అప్పగించి, కొలతలు పుస్తకంలోంచి చదివి వినిపించేదాన్ని. నా చిన్నతనంలో మా నలుగురు తోబుట్టువులకు పండుగ బట్టలు ఎవరో ఒకరు ఇచ్చినవే, ఒకదానికొకటి పొంతన ఉండేది కాదు, చర్చిలో పక్కపక్కన కూర్చున్నా ఒక ఇంటి పిల్లలమని ఎవరూ అనుకునేవారు కాదు. అందుకే నా పిల్లలు ఒకే పువ్వుల గుడ్డలో వరసగా నడుస్తుంటే, వెనక నడుస్తూ తలలు లెక్కపెట్టుకోవడంలో నాకు పండుగంతా ఉండేది.

1983లో పెద్దమ్మాయికి నర్సు శిక్షణ హాస్టల్లో సెలవు దొరకలేదు. ఆ ఏడు వరసలో ఆమె చోటు ఖాళీగా కనిపించి, ఈ పిల్ల ఇక చెయ్యి జారిపోతుందేమోనని మొదటిసారి భయపడ్డాను. మరుసటి ఏడు ఆమెకు కామారెడ్డిలోనే ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. చాచా దుకాణం ఆసుపత్రికి పది నిమిషాల నడక. పోయి కొలతలు ఇచ్చి రమ్మని రెండు ఉత్తరాలు రాశాను, పోలేదు. అక్కడే నాకు అర్థం కావలసింది. నేను మాత్రం 1982 పేజీ తీసి, ఆ కొలతలే చదివాను.

"పోరి పెద్దగైంది టీచరమ్మా, ఒక్కపారి తోలియ్యుండ్రి, కొలిచినంకనే కోస్త" అని చాచా రెండుసార్లు చెప్పాడు. నా పుస్తకం ఎన్నడూ తప్పలేదని ఆయన నోరు మూయించాను.

పండుగ పొద్దున ఆ నీలిపువ్వుల డ్రెస్సు పెద్దమ్మాయి భుజాల దగ్గరే ఆగిపోయింది, బలవంతాన లాగితే చంక కింద కుట్టు పర్రుమని చినిగింది. కాసేపటికి గదిలోంచి మొదటి జీతంతో కొనుక్కున్న ఆకుపచ్చ చీరలో వచ్చింది. నేను ఆమె మొహం వైపు చూడకుండా, రావడం ఇష్టం లేని వాళ్లను రమ్మనడం నాదే తప్పు అన్నాను. ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"అమ్మా, నీ బట్టలొద్దంటే నువ్వొద్దన్నట్టు గాదు."

ఇంతలో అబ్బాయి చప్పుడు లేకుండా లోపలికి పోయి తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. రెండేళ్లుగా వాడు ఎర్రటి ఎండలో కూడా స్వెటర్ గుండీలు మెడదాకా పెట్టుకుని చర్చికి ఎందుకు వస్తున్నాడో అప్పుడు తెలిసింది. మా ఆయన తన అంగీని కిందికీ మీదికీ చూసుకుని, "పన్నెండేండ్ల సంది పువ్వులల్లనే తిరుగుతున్న, ఇగ నాకు గూడ సెలవియ్యరాదు" అన్నాడు. అందరూ నవ్వారు, నేను తప్ప.

చర్చిలో ఆ రంగురంగుల వరసను చూసి ఎవరేమంటారోనని పాటల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అసలు ఎవరూ గమనించనే లేదు. బయట ఒక ముసలామె మాత్రం పెద్దమ్మాయి చీర కొంగు పట్టుకుని చూసి, రంగు బాగుందని మెచ్చుకుంది. మధ్యాహ్నం బగారన్నం తిని పెద్దమ్మాయి డ్యూటీకని బస్సెక్కింది. మళ్లీ పండుగకు వస్తావా అని అడగబోయి, బస్సులో జాగ్రత్త అన్నాను.

1985 నవంబరులో నేను కామారెడ్డి పోలేదు. డిసెంబరులో ఆమె ఉత్తరం వచ్చింది, పండుగ నాడు డ్యూటీ ఉందట, మరునాడు వస్తుందట. వంక అనుకున్నాను. అయినా ఇరవయ్యారో తేదీ పొద్దుటి నుంచి ప్రతి బస్సు చప్పుడుకూ గుమ్మంలోకి వచ్చి చూశాను. మూడో బస్సుకు దిగింది. చుట్టాలూ ఊళ్లోవాళ్లూ ముందునాడే వచ్చి వెళ్లారు గనుక, పెళ్లయిన నాటి నుంచి మొదటిసారి ఆ పండుగకు నేను కూడా పిల్లలతో కలిసి కూర్చుని వేడి అన్నం తిన్నాను. ఎవరి కాలర్ మడత పడిందో, ఎవరి అంచు ఊడిందో చూడలేదు. ఇన్నేళ్లూ ఎంత బరువు మోశానో దించాక గానీ తెలియలేదు.

ఇప్పుడు ఎవరికి వీలైన రోజున వాళ్లు వస్తారు, ఒక్కోసారి మా ఇంటి క్రిస్మస్ జనవరి దాకా సాగుతుంది. చర్చిలో వెనక నుంచి చూస్తే నా వాళ్లెవరో చటుక్కున పోల్చుకోలేను, ఆ ఒకే పువ్వుల వరస కోసం కళ్లు ఇంకా వెతుకుతాయి. మనుమరాలు పుస్తకం చివరిదాకా తిప్పి, ఒక పేజీలో కొలతలు లేవేమని అడిగింది. అది 1985 పేజీ. పెద్దమ్మాయి పేరు ఎదురుగా ఛాతీ, నడుము, పొడుగు అన్నీ ఖాళీ. పక్కన నేను రాసుకున్నది ఒక్కటే మాట: వచ్చింది.