మా తాతయ్య ఎత్తని గుండు

నా చిన్నప్పుడు నాకు తెలిసిన అన్నిటికంటే బరువైనది మా తాతయ్య ఎత్తే రాతిగుండు. దాని తర్వాత మా తాతయ్య కోపం. ఈ మధ్య మోకాళ్ళ నొప్పులతో పొద్దున్నే మంచం దిగడానికి నేను పడే అవస్థలో ఆ రెండూ తరచూ గుర్తొస్తున్నాయి. చెప్పే ఓపిక పెద్దగా లేదు. చెప్పకపోతే నాతోనే పోతుందని చెబుతున్నాను, అంతే.

మాది పెంటపాడు. నేను చెప్పేది ముప్పైల నాటి సంగతి. మా తాతయ్య పగలంతా వరిచేలో రైతు, తెల్లవారుజామున మాత్రం తాలింఖానాలో వస్తాదు. తాలింఖానా అంటే కుస్తీ, కసరత్తు నేర్పే చోటు, పెద్ద కట్టడమేమీ కాదు. ఒక తాటాకు పాక, లోపల ఎర్రమట్టి పోసిన గోదా, ఓ మూల తిప్పడానికి కర్ర గదలు, బయట వాకిట్లో ఆ నల్లరాతి గుండు. కుర్రాళ్ళు దాన్ని మోకాళ్ళ దాకా తెచ్చి ఉస్సురని వదిలేసేవారు. తాతయ్య మాత్రం దాన్ని ముందు తొడల మీదికి తీసుకుని, అక్కణ్ణించి పొట్ట మీదుగా దొర్లించి, భుజానికెత్తి, వెనక్కి వదిలేవాడు. ఆడపిల్లలు పాకలోకి వెళ్ళకూడదు గనుక నేను వాకిట్లో నిలబడి చూసేదాన్ని. గుండు పడినప్పుడు నా అరికాళ్ళకు అదురు తెలిసేది.

దసరా నాడు ఆ గుండుకి మా నాయనమ్మ పసుపు రాసి బొట్టు పెట్టేది. ఊరంతా వచ్చేవారు. ముందు వస్తాదు ఎత్తాలి, ఆ తర్వాతే కుర్రాళ్ళు ముట్టుకోవాలి. వస్తాదు ఎత్తలేని ఏడు తన నడుముకున్న ఎర్ర దట్టీ విప్పి అక్కడికక్కడే ఇంకొకరి చేతిలో పెట్టి పక్కకు తప్పుకోవాలి. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. పరాయి ఊరి వస్తాదు అతిథిగా వచ్చి మొదటి ఎత్తు తనకిమ్మని అడిగితే కాదనకూడదు. ఆ అతిథి ఎత్తలేకపోతే, ఊరి వస్తాదు ఆ రోజు ఆ గుండును ముట్టకూడదు. తన ఇంటికొచ్చిన మనిషి ఎత్తలేనిదాన్ని తాను ఎత్తి చూపించడం మర్యాద కాదని. శిష్యులు ఎత్తుకోవచ్చు. ఈ రెండో కట్టుబాటు పేరుకే ఉండేది. చేతకానిచోట చెయ్యి పెట్టే అతిథి ఎక్కడుంటాడు?

ఆ ఏడు వానాకాలం మొదట్లో తాతయ్య గుండు భుజానికెత్తి, వెనక్కి వదలబోతూ కాలు మెలిపెట్టుకున్నాడు. లోపల ఏదో పుటుక్కుమందిట. సాయంత్రానికి మోకాలు గుమ్మడికాయంత అయింది. నాయనమ్మ వావిలాకు నీళ్ళు కాచి కాపడం పెట్టింది, ఆముదపాకులు వెచ్చజేసి కట్టింది. వాపు తీసింది గాని కాలు పూర్తిగా వంగేది కాదు, వంగితే మళ్ళీ లేచేది కాదు. చివరికి బండి కట్టించి పక్కనున్న గూడెం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు గారు మోకాలు అటూ ఇటూ కదిపి చూసి, బరువు జోలికి పోవద్దని, పోతే ఇక జన్మలో ఆ కాలు కింద పెట్టి నడవలేరని చెప్పారు. బండిలో వస్తున్నంతసేపూ తాతయ్య ఆయన్ని తిడుతూనే ఉన్నాడు.

“మెళ్ళో వేసుకునే ఆ గొట్టంకంటే బరువైంది ఏదైనా ఎత్తాడా ఆయన, నాకు చెప్పడానికి!”

అంతటితో పోనిస్తే బాగుండును. భాద్రపదం వచ్చేసరికి మళ్ళీ గోదాలోకి వెళ్ళడం మొదలుపెట్టాడు. బస్కీలు తీస్తుంటే మోకాలు కలుక్కుమనేది, పళ్ళు బిగపట్టి ఇంకా తీసేవాడు. కుంటుకుంటూ ఇంటికొచ్చి, ఏమీ జరగనట్టు చద్దన్నం తినేవాడు. నాయనమ్మ అరిచింది, ఏడ్చింది, చివరికి మాట్లాడటమే మానేసింది. ఆవిడ మొహం అప్పుడెలా ఉండేదో నాకిప్పుడు అద్దంలో కనిపిస్తోంది. దసరాకి గుండు ఎత్తితే కాలు పోతుంది, ఎత్తకపోతే మనిషి పోతాడు. ఆవిడ భయం అది.

దసరాకి ఏటా ఏలూరు నుంచి సాయిబు గారు వచ్చేవారు. అక్కడ తివాచీలు నేసే కుటుంబం ఆయనది, వాళ్ళ పేటలో తాలింఖానా వస్తాదు కూడా ఆయనే. పీర్ల పండక్కి మా తాతయ్య ఏలూరు వెళ్ళి ఆయన పక్కన కర్రసాము చేసేవాడు, దసరాకి ఆయన మా ఊరొచ్చేవారు. ఒకప్పుడు కుస్తీలో ఒకరినొకరు ఓడించుకున్నవాళ్ళే. ‘బావగారూ’ అంటే ‘బావగారూ’ అని పిలుచుకునేవారు. ఆ లెక్కన మా నాయనమ్మకి ఆయన అన్నయ్య, నాకు సాయిబు తాతయ్య.

ఆ ఏడు ఆయన పండగ పొద్దున్నే బండి దిగారు. తాతయ్య పాక దగ్గరున్నాడు. నాయనమ్మ కాళ్ళకు నీళ్ళిస్తూ ఆ చెంబు పట్టుకునే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి. ఇవాళ గుండెత్తితే ఆయన ఇక లేవరండి.”

ఆయన మొహం తుడుచుకుని కండువా భుజాన వేసుకున్నారు.

“చెబితే వినే మనిషి కాదమ్మా. నేను కూడా విన్లేదు లెండి, నా మటుకు నేను.”

ఆ రెండో మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. నాయనమ్మకీ అర్థమైనట్టు లేదు. ఆయన తాలింఖానా వైపు నడిచారు, వెనకే నేనూ పోయాను.

వాకిలి నిండా జనం. తాతయ్య దట్టీ బిగించి, చేతులకు మట్టి రాసుకుంటున్నాడు. పంచె కింద మోకాలికి గుడ్డ గట్టిగా చుట్టుకున్నాడని నాకు తెలుసు, పొద్దున చూశాను. గుండు దగ్గరికి రెండడుగులు వేసేసరికి సాయిబు గారు చొక్కా విప్పి ముందుకొచ్చారు.

“బావగారూ, ఈ ఏడు మొదటి ఎత్తు నాకివ్వండి.”

తాతయ్య బిత్తరపోయాడు. ఇన్నేళ్ళలో ఆయన ఎప్పుడూ అడగలేదు. కానీ కాదనడానికి లేదు. చేతులు దులుపుకుని పక్కకు జరిగాడు. సాయిబు గారు గుండు ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసి, నిజంగానే ఎత్తబోయారు. నటన కాదు. మెడనరాలు లేచాయి. గుండు నేల విడిచి జానెడు లేచింది. అంతలో ఆయన కుడిచెయ్యి ఒక్కసారిగా జారిపోయింది, గుండు పడిపోయింది, ఆయన మట్టిలో చతికిలబడ్డారు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వారు.

“నా వల్ల కాలేదండీ. ముసలాణ్ణయిపోయాను. బావగారూ, మీ కుర్రాళ్ళని పిలవండి.”

తాతయ్యకి అప్పుడు అర్థమైంది. మొహం నల్లబడిపోయింది. గుండు వంక చూశాడు, మట్టిలో కూర్చున్న మనిషి వంక చూశాడు. ఆ గుండును తాను ఇక ముట్టుకుంటే ఊరందరి ముందూ అతిథిని చెంపదెబ్బ కొట్టినట్టే. తన పెద్ద శిష్యుణ్ణి పేరుపెట్టి పిలిచాడు. అతను వచ్చి, తాతయ్య పక్కన నిలబడి ఎలా పట్టాలో, ఎప్పుడు ఊపిరి బిగపట్టాలో చెబుతుంటే, రెండోసారికి భుజానికెత్తాడు. జనం ఈలలు వేశారు. దట్టీ విప్పమని ఎవరూ అడగలేదు, అడగడానికి కట్టుబాటు ఒప్పుకోదు.

మధ్యాహ్నం విస్తళ్ళ ముందు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. తాతయ్య ముద్ద నోట్లో పెట్టలేదు. నాయనమ్మ నెయ్యిగిన్నె పట్టుకుని నిలబడిపోయింది. చివరికి తాతయ్యే నోరు తెరిచి, నన్నాపడానికి మీ పరువు తీసుకుంటారా అని ఆయన మీద విరుచుకుపడ్డాడు.

“పరువుదేముందండీ, పోయినా మళ్ళీ వస్తుంది. మోకాలు రాదండీ.”

అప్పుడు చెప్పారు ఆయన, అన్నం కలుపుతూ, ఎడంచేత్తో. రెండేళ్ళ కిందట వాళ్ళ పేట కుర్రాడితో పందెం కట్టి, నొప్పెడుతున్న భుజంతోనే బరువెత్తి దాన్ని పాడుచేసుకున్నారట. ఇప్పుడు కుడిచెయ్యి భుజం దాటి లేవదు. మగ్గం మీద పై వరసల ముడులన్నీ కొడుకులు వేస్తుంటే కింద కూర్చుని అందినంత మేరా వేస్తున్నారు. “నాకు ఆ రోజు అడ్డంపడేవాళ్ళు ఎవరూ లేకపోయారండి” అన్నారు. తాతయ్య తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. నాయనమ్మ నెయ్యి వేసింది, ఇద్దరికీ చాలా ఎక్కువ వేసింది.

సాయంత్రం దాకా వాళ్ళు అరుగు మీదే ఉన్నారు. సాయిబు గారు మా తాతయ్య కాలిని తన ఒళ్ళో పెట్టుకుని, ఎంతవరకు వంగుతోందో, ఎక్కడ పట్టేస్తోందో చూశారు. చీలమండకి చిన్న ఇసుక సంచి కట్టించి, అరుగు అంచున కూర్చోబెట్టి, కాలు మెల్లగా చాపి, ఆపి, దించమన్నారు. నొప్పి మొదలవకముందే ఆపెయ్యమన్నారు. అది తాతయ్యకి అన్నిటికంటే కష్టమైంది. నొప్పి వచ్చాకే అసలు కసరత్తు మొదలవుతుందని జీవితమంతా శిష్యులకి చెప్పినవాడాయె. పొద్దున్నే కాలవలోకి దిగి నడుములోతు నీళ్ళలో నడవమన్నారు. పెద్ద గదలు పక్కన పెట్టి, పిల్లలు తిప్పే తేలికవి తిప్పమన్నారు. తాతయ్య ఆ చిన్న గదని చేతిలోకి తీసుకుని, ఇదేం ఖర్మ అన్నట్టు దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు తర్వాత బాధేసింది.

మర్నాడు గూడెం స్టేషనుకి బండిలో మేమూ వెళ్ళాం. ఏలూరు వైపు పాసింజరు వచ్చింది. సాయిబు గారు పెట్టె ఎక్కబోతూ కుడిచేత్తో కడ్డీ పట్టుకోబోయారు, చెయ్యి లేవలేదు. ముందురోజు లేచినంత కూడా లేవలేదు. మా తాతయ్య అది చూశాడు. తాతయ్య కుంటుకుంటూ ముందు తానెక్కి, ఆయన ఎడంచెయ్యి పట్టుకుని పైకి లాగి, మూట లోపల సర్ది, మళ్ళీ దిగడానికి ఆయన ఎడమ భుజం మీద చెయ్యి వేశాడు. ఒకరికి చెయ్యి లేవదు, ఒకరికి కాలు లేవదు. రైలు కదిలాక తాతయ్య ప్లాట్‌ఫారం మీద బల్ల మీద కూర్చుండిపోయాడు. పంచె చెంగుతో మొహం కప్పుకున్నాడు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదటిసారి.

తర్వాత తాతయ్య చాలా ఏళ్ళు బతికాడు, చివరిదాకా తన కాళ్ళ మీద తానే నడిచాడు. గుండు మళ్ళీ ఎత్తలేదు. మరుసటి దసరాకి ఎవరూ అడ్డంపడనక్కర్లేకపోయింది, తానే శిష్యుణ్ణి ముందుకు పంపించాడు. కసరత్తు పాకలోంచి అరుగు మీదికొచ్చింది గనుక నేనూ పక్కన కూర్చుని కాళ్ళు చాపేదాన్ని. అరుగు మీదికి ఆడపిల్ల రాకూడదని ఎవరూ అనలేరు కదా. సాయిబు గారి భుజం మాత్రం బాగుపడలేదు. ఆ తర్వాత ఆయన కింది వరసల ముడులు కూడా వెయ్యలేకపోయారని విన్నాం. తాతయ్య పీర్ల పండక్కి వెళ్ళినప్పుడల్లా ఆయనకి అన్నం కలిపి పెట్టి వచ్చేవాడు.

మొన్న ఏలూరులో కాలికి ఫిజియోథెరపీ చేయించుకోవడానికి వెళ్ళాను. నా పక్క బల్ల మీద నా వయసాయనే ఒకాయన, రిటైరైన పెద్ద ఆఫీసరుట, కాలికి కట్టిన బరువు లేపలేక లేపుతున్నాడు. మొహం కందిపోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆపమంటే ఆపే రకం కాదని చూడగానే తెలిసిపోయింది. నా కాలికున్నది తేలికది, లేపగలను. అయినా అక్కడి పిల్లని పిలిచి, “అమ్మాయ్, నా వల్ల కావడం లేదమ్మా, విప్పెయ్యి” అని గదంతా వినపడేలా అన్నాను. అందరూ నా వంక చూశారు. కాసేపటికి ఆ పెద్దాయన కూడా మెల్లగా తన కాలు చూపించి విప్పించుకున్నాడు.

ఆటోలో ఇంటికొస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు. ముక్కూమొహం తెలియని నలుగురి ముందు, పోయేదేమీ లేని ఈ వయసులో, ఆ ఒక్క మాట అనడానికే నాకు తల కొట్టేసినట్టయింది. అంత జనంలో, వస్తాదై ఉండి, తన చెయ్యి పోతుందని తెలిసీ సాయిబు తాతయ్య ఆ గుండు ముందు ఎలా కూర్చున్నారో, పడిపోయాక ఎలా నవ్వగలిగారో నాకింకా తెలియడం లేదు.