గొలుసు విప్పమన్న మా ప్రొఫెసర్

నేను యూనివర్సిటీలో సైకాలజీ పరిశోధన చేసే రోజుల్లో మా ప్రొఫెసర్‌గారితో కలిసి ప్రొద్దుటూరు వైపున్న మైలవరం దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. అక్కడ గొర్రెలు మేపుకునే వాళ్లింట్లో మతి చెదిరిన అమ్మాయిని పశువుల కొట్టంలో కట్టేశారని ఎవరో చెప్పారు. వెళ్లి చూస్తే నిజమే. ఆ పిల్ల కాలికి గొలుసు వేసి గుంజకు కట్టారు.

గొలుసు విప్పమని సార్ ఆ పిల్ల అన్నకు కబురు పంపి, ఆమె పక్కనే కూర్చున్నారు. అతను కొడవలితో వచ్చాడు. వెనకే ఊరి జనం.

"యాడోళ్లురా మీరు? మా ఇంటి పరువు తీసేదానికి వచ్చినారా?" అంటూ సార్ చొక్కా పట్టి లేపి చెంప మీద కొట్టాడు. కళ్లద్దాలు పేడలో పడ్డాయి. "గొలుసు మీద చెయ్యేస్తే ఈడ్నే నరుకుతా!"

"తన్నండప్పా వీళ్లని!" అని జనం అరిచారు. నేను "పోదాం సార్" అంటూ ఏడ్చేశాను.

సార్ కదల్లేదు. అతని ఎర్రటి కళ్లలోకి చూసి, "నువ్వు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందప్పా?" అన్నారు.

కొడవలి కిందికి దిగింది. "కట్టేయకుంటే బాయిలో దూకుతాది సామీ. అమ్మానాయినా లేరు. కాపలా నేనొక్కణ్ణే" అంటూ అక్కడే కూలబడ్డాడు.

చివరికి గొలుసు విప్పింది అతనే. మా జీపులోనే చెల్లెల్ని ప్రొద్దుటూరు ఆస్పత్రికి తెచ్చాడు. నెలల తరబడి మందులు వాడాక ఆమె కోలుకుంది.

సార్ పోయి ఏడాది దాటింది. ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. నా గదిలోకి ఎవరైనా అరుస్తూ వస్తే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అయినా ముందు కుర్చీ చూపించి కూర్చోమంటాను.