సినిమా కోర్టును నమ్మి నాయనను బోనెక్కించాను

సినిమాలో కోర్టు సీను వస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సర్కారు వకీలు బల్ల గుద్దుతాడు, దొంగసాక్షి నీళ్ళు నములుతాడు, జడ్జిగారికి కళ్ళు తెరుచుకుంటాయి. అంతా అబద్ధం! ఒకప్పుడు ఆ అబద్ధాన్ని నేనూ నమ్మాను. నమ్మి మా నాయనను బోనెక్కించాను.

మద్రాసు సర్కారు రోజులవి. యర్రగొండపాలెం పక్క పల్లెలో మాకు మేకలుండేవి. రిజర్వు అడవిలో ఒక టేకుచెట్టు మాయమైంది. ఫారెస్టు గార్డు మా నాయన గొడ్డలి లాక్కుపోయి కేసు రాశాడు. అలాంటి కేసుల్లో మావాళ్ళు, చేసినా చెయ్యకపోయినా, తప్పయిందని దండం పెట్టి జుల్మానా కట్టి వచ్చేవాళ్ళు.

"తప్పయిందని చెప్పు మామా, పొద్దుగూకేలోపల ఇంట్లో ఉంటావు" అన్నాడు మా ఆయన.

అంతకు ముందు వారమే మార్కాపురం డేరాలో కోర్టు సినిమా చూసొచ్చిన దాన్ని, ఊరుకుంటానా? "నువ్వెందుకు ఒప్పుకోవాల నాయనా? ఉన్నది ఉన్నట్టు చెప్పు. వాళ్ళే వింటారు" అని ఎగదోశాను.

మార్కాపురం కోర్టులో ఎవరూ బల్ల గుద్దలేదు. సర్కారు తరఫున వాదించే ఇన్‌స్పెక్టరు కాగితంలోంచి తలైనా ఎత్తలేదు. గార్డు అప్పజెప్పినట్టు గడగడా చెప్పి దిగిపోయాడు. మాకు వకీలు లేడు.

"అడవిలో గొడ్డలి వాడినావా?" అని మేజిస్ట్రేటు అడిగాడు.

"వాడినా దొరా. మేకలకు కొమ్మ సగానికి కొట్టి కిందికి వంచుతాం. తెంచం. వంచిన కొమ్మ మళ్ళా చిగురేస్తాది. చెట్టును మొదలుకు కొట్టేది మా ఇంటావంటా లేదు."

గుమాస్తా "వాడినా" అన్నంతవరకే రాసుకున్నాడు.

"ఆ మోడు పోయి సూడండి సామీ! రంపంతో కోసినారు. మా ఇంట్లో రంపమే లేదు!" అని వరండాలోంచి అరిచాను. బంట్రోతు నోర్ముయ్యమని నన్ను మెట్ల మీదికి తోశాడు. మోడు చూడటానికి ఎవరూ కదలలేదు.

"ఒప్పుకుంటే జుల్మానాతో వదిలేస్తా. లేదంటే నెల రోజులు జైలు" అన్నాడు మేజిస్ట్రేటు.

"ఒప్పుకో నాయనా, నీ కాళ్ళు మొక్కుతా" అని మెట్ల మీది నుంచి నేనే ఏడ్చాను.

నాయన నా వైపు చూడలేదు. "కొట్టని చెట్టు కొట్టినానని చెప్పను దొరా" అన్నాడు.

నెల రోజులు పడింది. బయటికి తీసుకొస్తుంటే అడ్డం పడ్డాను. "నా నోరు పడిపోను, నేనే నిన్ను ముంచినా నాయనా!"

"ఏందమ్మా ఆ ఏడుపు? నీ సినిమా కోసం చెప్పినానా నేను? ఒప్పుకొని ఇంటికొస్తే, రేపు ఆ అడవిలో ఏ చెట్టు కింద కూచుందును?" అని కసిరాడు.

కానిస్టేబులు రెక్క పట్టుకోబోతే విదిలించుకుని, జైలు దోవన తనే ముందు నడిచాడు.