అవ్వ ఒప్పుకున్న దేవణి కోడె

ఆవులు చూడి కట్టడానికి సూదులు వేసే పనిలో చేరిన కొత్తలో నాకు జెర్సీ తప్ప మరో జాతి కనిపించేది కాదు. స్కూటీ మీద నైట్రోజన్ డబ్బాలో మేలుజాతి కోడెల వీర్యం పెట్టుకుని తాండూరు చుట్టూ ఊళ్లన్నీ తిరిగేదాన్ని. పాలు ఎక్కువిచ్చే దూడ పుడుతుందంటే ఎవరూ కాదనేవారు కాదు.

బొంరాస్‌పేట దగ్గర ఒక అవ్వ కాదంది. ఆవు ఎదకొచ్చిందని ఆమె కోడలు ఫోన్ చేస్తే వెళ్లాను. పొట్టి నాటు ఆవు. నేను చేతికి తొడుగు వేసుకుంటుంటే అవ్వ అడ్డొచ్చింది.

"జర ఆగు బిడ్డా. గా కోడె తల్లి ఎట్లుండె?"

"మస్తు పాలిచ్చేదే అవ్వా."

"పాల ముచ్చట కాదు. ఎండలకు ఆగుతుండెనా? కంది పొట్టు తింటుండెనా?"

నా దగ్గర ఉన్నవి పాల లెక్కలే. ఆమె మాత్రం తన ఆవు తల్లి గురించి, ఆ తల్లికి తల్లి గురించి చెప్పుకుపోయింది. బోర్లు ఎండిన ఏడాది పక్కింటి జెర్సీ రొప్పుతూ పాలు ఆపేస్తే, ఈ ఆవు తల్లి గట్ల మీద ఎండుగడ్డి కొరుక్కుంటూ పూటకో చెంబెడు ఇచ్చిందట.

"గసొంటి నెత్తురు ఖరాబు చెయ్యద్దు. ఇంకో ఎద దాకా ఆగుత తియ్యి" అంది.

సిగ్గేసింది. తాండూరులో మా డాక్టరు గారిని అడిగితే, బీదర్ వైపు దేవణి జాతి ఈ ఎండలకూ మేతకూ అలవాటు పడిందేనని చెప్పి, ఆ వీర్యం తెప్పించారు. ఇరవై రోజులు గడిచి ఆవు మళ్లీ ఎదకొచ్చాక, కోడె తల్లి వివరాలున్న కాగితంతో మళ్లీ వెళ్లాను. అవ్వ రెండుసార్లు చదివించుకుంది. ఆ తల్లిని ఏ ఊళ్లో పెంచారో, ఏం మేపేవారో అడిగింది. చివరికి ఆవు వీపు నిమిరి, "ఇగ వెయ్యి" అంది.

నల్ల మచ్చల పెయ్యదూడ పుట్టింది. అది పెరిగి ఈనాక జెర్సీ అంత పాలివ్వలేదు. కానీ ఒక వేసవిలో, మిట్టమధ్యాహ్నం రేకుల పాక బయట నిలబడి నింపాదిగా నెమరు వేస్తుంటే నేను కళ్లారా చూశాను.

దాని రెండో ఈతలో కోడెదూడ పుట్టింది. బేరగాళ్లు వచ్చినా అవ్వ అమ్మలేదు. అది ఎదిగాక, ఊళ్లో ఎవరి ఆవు ఎదకొచ్చినా దాని దగ్గరికే తోలుకురమ్మని చెప్పింది. ఇప్పుడు ఆ ఊరి నుంచి నాకు ఫోన్లు తగ్గిపోయాయి. అయినా అటు వెళ్లినప్పుడల్లా స్కూటీ ఆపి అవ్వ పక్కన కూర్చుంటాను. ఏ ఆవును దేనితో కలపాలో ఆమె చెబుతుంటే రాసుకుంటాను.