ఈతలు ఆగిన గొర్రె, మిగిలిన అన్నం

ఏడాది కిందట నెలసరి ఆగినప్పటి నుంచి మా అమ్మ నడుము పెరుగుతానే ఉంది. ఈ పొద్దు బలవంతంగా బేస్తవారిపేట ఆసుపత్రికి తీసుకుపోయినా. నర్సమ్మ నడుముకు టేపు చుడితే, "నన్నేమన్నా సంతకు తోలుతున్నారా?" అని అమ్మ ఎగిరిపడింది. షుగర్ ఎక్కువే వచ్చింది. తిండి తగ్గించి నడవాలి, లేకుంటే మాత్రలే అనింది నర్సమ్మ.

ఇంటికి రాగానే అమ్మ దొడ్లోకి పోయి, ఈతలు ఆగి, ఇంక పిల్లల్ని పెట్టని ముసలి గొర్రె వెన్ను పిసికి చూసింది. "కొవ్వు పట్టింది. దీనికి దాణా ఆపి, దూరం తోలుకపో" అని నాయనకు చెప్పింది.

"నర్సమ్మ నీకు చెప్పింది కూడా అదే గదమ్మా?" అన్నా.

అమ్మ గొర్రెను చూసింది, నన్ను చూసింది. "దానికేందే! నువ్వూ మీ నాయనా వదిలేసిన అన్నం పారబోయలేక తినే ఖర్మ దానికి లేదు."

పొద్దున నేను వదిలిన పెరుగన్నం యాడికి పోయిందో నాకప్పుడు అర్థమైంది.

ఇందాక రాత్రి అన్నం కాడ నాయన అలవాటుగా నాలుగు ముద్దలు వదిలేసి లేవబోయినాడు. అమ్మ పళ్ళెం మళ్ళీ ఆయన ముందుకే నెట్టి, "తిని లెయ్" అనింది. నేనైతే అంతకుముందే నా పళ్ళెం నాకేసినా.

మీ ఇంట్లో మిగిలిన అన్నం ఎవరి పొట్టలోకి పోతోంది? అబద్ధాలు చెప్పొద్దు.