మూడో తరగతిలో గుడ్డపేలికల పాఠం

మూడో తరగతి పిల్లలకు బట్టల పోగుల గురించి చెప్పాలంటే పుస్తకం చాలదు. నూలు పత్తిచెట్టు నుంచి, ఉన్ని గొర్రె నుంచి, పట్టు పురుగు నుంచి, పాలిస్టర్ ఫ్యాక్టరీ నుంచి అని వల్లె వేయిస్తే గడగడా అప్పజెప్తారు, అన్నం గంట కొట్టేసరికి మరిచిపోతారు. అందుకే ప్రతి ఏడూ ఇంటి నుంచి తలా ఒక గుడ్డపేలిక తెమ్మంటాను. వేళ్ల మధ్య నలిపి చూడమంటాను. తర్వాత పట్టకారుతో పట్టుకుని ఒక్కోటీ కాల్చి చూపిస్తాను.

ఈ ఏడు అగ్గిపుల్ల గీయగానే వెనక బెంచీ వాళ్లు, "టీచర్, బాయిలకు అగ్గిపెట్టె తేవద్దు!" అని అరిచారు. మా గోదావరిఖనిలో బొగ్గుగనిని బాయి అంటారు. దిగేముందు మనిషిని తడిమి, బీడీ, అగ్గిపెట్టె ఉంటే లాక్కుంటారు. మా పిల్లలకు ఎక్కాల కంటే ముందు వచ్చే చదువు అది.

నూలు ముక్క కాగితంలా కాలి బూడిదయింది. ముందు బెంచీ పిల్ల తెచ్చింది వాళ్ల బాపు పాత చొక్కా ముక్క, పాలిస్టర్. అది ముడుచుకుని, కరిగి, పళ్లెంలో నల్లటి పూసలా గట్టిపడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల కొట్టలేదు.

"గిది ఒంటి మీదుంటె టీచర్?"

"కరిగి చర్మానికి అంటుకుంటది," అన్నాను. పాఠం కదా, ఉన్నది చెప్పాను.

మర్నాడు పొద్దున్నే వాళ్లమ్మ పిల్లను రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. "ఏం చెప్పిన్రు మేడం దీనికి? వాళ్ల బాపును డ్యూటీకి పోనియ్యలె. అంగి పట్టుకొని ఒకటే ఏడ్సుడు. ఆఖరికి ఫస్టు షిఫ్టు పాయె. బాయిల దిగంగ నూలు బట్టలే ఏస్కుంటడని ఎంత చెప్పినా ఇంటలేదు. మీరన్న చెప్పున్రి."

చెప్పాను. ఆ చొక్కా బాయి దగ్గర బస్సు దిగేదాకానే, కిందికి నూలు బట్టలే అని. టీచరు మాట వేదం కనుక పిల్ల నమ్మింది. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తుడుచుకున్నాక కొంగు వదల్లేదు. నేను నేర్పినట్టే వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇది నూలు కాదు గదా టీచర్. అమ్మ పొయ్యి కాడ గివ్వే కడ్తది."

వాళ్లమ్మ నవ్వింది. "జల్ది ఆర్తయి బిడ్డా. ఇస్త్రీ ఫికర్ లేదు."

నాకు నవ్వు రాలేదు. నా ఒంటి మీదా అలాంటి చీరే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఈ ఊళ్లో బాయికి పోయే మనిషి కోసం ఇల్లిల్లూ భయపడుతుంది. పొయ్యి దగ్గరికి పోయే మనిషి కోసం భయపడగా నేను చూసింది ఆ పిల్లనొక్కదాన్నే.

సాయంత్రం ఇంటికొచ్చి, గ్యాసు వెలిగించే ముందు పెట్టెలోంచి నూలు చీర తీసి కట్టుకున్నాను.