కువైట్‌కి నేను పంపని ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మా అత్తయ్య ఏడవని రోజుల దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మా ఇంటి మీద పడ్డ చీకటి అదే, దేవుడు తీసేసిన చీకటీ అదే.

కూతురు పోయిందని కబురొస్తే ఏ తల్లైనా ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అవనిగడ్డ అవతల మా ఊళ్ళో, వసారాలో మంచం మీద కూర్చుని మినుములు చెరుగుతున్న మా అత్తయ్య, మా ఆయన ఫోను చేతిలో పట్టుకుని "అమ్మా, సుగుణ ఇక లేదంట, గుండె ఆగిపోయిందంట" అని చెప్తుంటే చివరిదాకా విని, "నా పిల్ల ముఖం నేను చూశానా? చూశాక ఏడుస్తాను" అంది. అంతే. ఆ తర్వాత ఊరంతా వచ్చి ఏడ్చింది, ఆవిడ మాత్రం కళ్ళు తడి కానివ్వకుండా వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది, గంజి పట్టుకెళ్తే రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేసేది, పడుకోమంటే పడుకునేది, కానీ మాటా లేదు, ఏడుపూ లేదు. గుడివాడలో నేను సోషల్ చెప్పే స్కూలుకి సెలవు పెట్టేసి ఆవిడ పక్కనే ఉండిపోయాను. ఏడ్చే మనిషిని ఓదార్చడం ఎవరికైనా వస్తుంది, ఏడవని మనిషిని ఏం చెయ్యాలో ఏ కాలేజీలోనూ నాకు చెప్పలేదు.

సుగుణ నాకు ఆడపడుచు. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ, చేపల పులుసులో చింతపండు ఎంత పడాలన్న దగ్గర్నుంచి ఆదివారం చర్చికి ఎవరు ముందు తయారవ్వాలన్న దాకా మేమిద్దరం వాదించుకోని సంగతి లేదు, ఆ ఇంట్లో నాకు సమఉజ్జీ అదొక్కతే. భర్త గిలకలదిండిలో బోటు మీద పనిచేసేవాడు, జబ్బు చేసి చిన్న వయసులోనే పోయాడు, పిల్లల్లేరు, "వదినా, ఇక్కడ ప్రతివాళ్ళూ నన్ను జాలిగా చూస్తున్నారు, నాకది పడదు" అని కువైట్ వెళ్ళిపోయింది. అక్కడొక ఇంట్లో, మంచం పట్టిన ఒక పెద్దావిడకి స్నానం చేయించడం, తినిపించడం, రాత్రిళ్ళు పక్కన పడుకోవడం దాని పని. ఏళ్ళ తరబడి చేసింది. ఆ పెద్దావిడ దీని చేతి ముద్ద తప్ప తినేది కాదంట, ఫోన్లో మా అత్తయ్యకి ఆ ముచ్చట్లే చెప్పేది, ఇద్దరు తల్లులున్న పిల్లలాగా.

కానీ ఒక్కసారి ఇంటికి వెళ్ళొస్తానని అడిగినప్పుడల్లా ఆ పెద్దావిడ కొడుకు, అంటే దీన్ని పనిలో పెట్టుకున్న యజమాని, వచ్చే ఏడు చూద్దాం అనేవాడు. చివరికి విసుగెత్తి చెప్పకుండా ఆ ఇంట్లోంచి బయటికొచ్చేసి వేరేచోట పనికి కుదిరింది. అలా వచ్చేసిన వాళ్ళని అక్కడి మనవాళ్ళు ఖల్లివల్లి అంటారు. యజమాని పోలీసు కేసు పెట్టాడు, పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉండిపోయింది, కొన్నాళ్ళకి మా సుగుణ కొత్త ఇంట్లో పనిచేస్తూ చేస్తూ కూలిపోయింది.

ఇక్కడుంది చిక్కు. ఆ యజమాని కేసు తీసేసుకుని సంతకం పెడితే తప్ప దేహం విమానం ఎక్కదు. ఆయనేమో "నా ఇంట్లోంచి పారిపోయిన మనిషితో నాకేం పని" అన్నాడు. ఈ మాట మాకు చేరవేసింది షమీమ్ గారు, మన బందరు ఆవిడే, అదే వీధిలో ఇంకో ఇంట్లో వంట చేస్తారు, అరబీ ధారాళంగా వచ్చు, సుగుణకి అక్కడ దిక్కంటూ ఉంటే ఆవిడే.

"మీరు గట్టిగా అడిగుండరు షమీమ్ గారూ" అన్నాను మొదటి ఫోన్లోనే.

"గట్టిగా అడిగితే రేప్పొద్దున నేనూ రోడ్డు మీదుంటాను వదిన గారూ. అప్పుడు మీరు ఇద్దరి కోసం తిరగాలి, మీకు ఓపికుందా?"

నాకు నచ్చింది ఆవిడ. సుగుణ పిలిచినట్టే వదినా అని పిలవడం కూడా నచ్చింది, ఆ మాట చెప్పలేదు.

సహోదరులారా, నేను ఊరుకోలేదు. ఊరుకునే మనిషిని కానని ఈ సంఘానికి కొత్తగా చెప్పాలా? సుగుణని కువైట్ పంపించిన ఏజెంటు ఫోను ఆపేసుకుంటే ఇంటికెళ్ళి గుమ్మంలో కూర్చున్నాను. ఆఫీసుల్లో ఒకరు పక్క గది అంటే, పక్క గది ఆయన్ని వెంటబెట్టుకుని మొదటి గదికే తిరిగొచ్చి ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి అడిగాను. ఎంబసీ వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు, కానీ ఆ సంతకం దగ్గర వాళ్ళూ ఆగిపోయారు. వారాలు దొర్లిపోయాయి. మన సంఘ పెద్దల్లో ఒకాయన, పేరు రాయను, ఆయనకీ తెలుసు, మా ఇంటికొచ్చి "అమ్మా, ఆత్మ ప్రభువు దగ్గరుంది, దేహం ఎక్కడుంటేనేం, ఫోటో పెట్టి ఆదరణ కూటం జరిపించేద్దాం" అన్నారు.

"ప్రభువు దేహం కోసం ఆడవాళ్ళు సుగంధద్రవ్యాలు పట్టుకుని సమాధికి పరిగెత్తారు కదండీ, వాళ్ళతో కూడా ఇదే మాట అనేవారా?" అన్నాను.

ఆయన కాఫీ తాగకుండా వెళ్ళిపోయారు. మా ఆయన, పాపం, ఆయన వెనకాలే వీధి చివరిదాకా వెళ్ళి సర్దిచెప్పి వచ్చి, "నువ్వు గెలిచావులే, మనకి సాయం చేసేవాళ్ళు ఒకరు తగ్గారు" అన్నాడు.

ఇప్పుడు దేవుడు చేసింది వినండి.

ఒక మధ్యాహ్నం షమీమ్ గారు మెసేజ్ పెట్టారు, శుక్రవారం తనకి సెలవనీ, ఆ ఇంటికి ఇంకొక్కసారి వెళ్తాననీ, నేనేమైనా చెప్పదలుచుకుంటే మాటల్లో రికార్డు చేసి పంపితే అరబీలోకి మార్చి వినిపిస్తాననీ. అంతకంటే ఏం కావాలి నాకు? అత్తయ్య పక్కనే మంచం మీద కూర్చుని, వేలు తీసినా రికార్డు ఆగకుండా ఫోన్లో మైకు గుర్తు పైకి తోసి, మొదలుపెట్టాను. అయ్యా, మీ అమ్మకి మా పిల్ల గుడ్డలు మార్చింది, మీరు కన్న కొడుకు, మీరు మార్చారా, ఆ చేతులకి మీరిచ్చే మర్యాద ఇదా, మీకు దేవుడి భయం లేదా అని ఊపిరి తిప్పుకోకుండా కడిగేసి, అయిపోయిందనుకుని ఫోను దుప్పటి మీద పడేశాను. పడేసి అత్తయ్య ముఖం చూశాను. అంత తిట్టినా ఆ ముఖంలో ఏమీ కదల్లేదు. అప్పుడు, అక్కడే, ఆవిడ చెయ్యి పట్టుకుని పైకే ప్రార్థన చేశాను, అది ఇదే:

"తండ్రీ, నా దగ్గరున్న మాటలన్నీ అయిపోయాయి. ఈవిడ ఏడవడం లేదు, ఈవిణ్ణి ఇలా చూడలేకపోతున్నాను. దానితో నేను ఇంకా చాలా పోట్లాడాల్సి ఉందయ్యా, అది ఇంత తొందరగా వెళ్ళిపోతుందని నాకు తెలీదు. దాన్ని బతికించి పంపమని అడగడం లేదు, ఒక్కసారి దాని తల్లికి ముఖం చూపించు. ఆ ఇంట్లో వాళ్ళ మనసు నీ చేతిలో ఉంది, నా చేతిలో లేదు. ఆమేన్."

ఆమేన్ అన్నాక మా అత్తయ్య, అన్ని వారాలుగా నోరు విప్పని మనిషి, మెల్లగా అంది, "పాపం ఆ పెద్దావిడ. మన సుగుణ తినిపిస్తేనే తినేదంట కదే. ఇప్పుడు ఎవరు పెడుతున్నారో, అసలు తింటుందో లేదో."

కూతురు మార్చురీలో ఉంటే, ఆ కూతుర్ని ఆపి ఉంచిన ఇంట్లో మనిషి ఆకలి గురించి అడిగింది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను, ఆవిడ ముందు ఏడవకూడదని. తిరిగొచ్చి ఫోను తీస్తే పంపే బాణం గుర్తు నొక్కనేలేదని కనిపించింది, గబుక్కున నొక్కేశాను. దాంట్లో ఎంతవరకు పడిందో చూసుకునే తెలివి అప్పుడు నాకు లేదు.

ఆ శుక్రవారం సాయంత్రం షమీమ్ గారు ఫోన్ చేశారు.

"వదిన గారూ, ఆయన ఒప్పుకున్నాడు. ఆదివారం పోలీసు స్టేషన్‌కి వచ్చి సంతకం పెడతానన్నాడు."

"చూశారా, ఆ నాలుగు మాటలూ పడాల్సిన వాడికి పడ్డాయి."

"పడలేదండీ. అవి నేను వినిపించలేదు."

"అదేంటి?"

"అవి వినిపిస్తే సుగుణ అక్కడే ఉండిపోతుంది, నాకూ దాని పక్కనే చోటు చూపిస్తారు. ఆ భాగం దాటించేసి, వెనకాల ఉన్న ప్రార్థన దగ్గర్నుంచి పెట్టాను."

"ఏ ప్రార్థన?"

"ఏ ప్రార్థన అంటారేంటండీ, మీరు చేసిందే. మీ అత్తగారి మాట కూడా ఉంది."

నాకు ఒళ్ళు మండింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. "అడక్కుండా నా ప్రార్థన తీసుకెళ్ళి వాళ్ళ గదిలో వినిపిస్తారా?"

"మరి మీరు అది ఎవరికి పంపారనుకున్నారు?"

"దేవుడికి."

"ఆయనే నాకు ఫార్వర్డ్ చేశాడనుకోండి" అన్నారు షమీమ్ గారు.

నవ్వొచ్చింది నాకు, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది, అవతల ఆవిడకీ అంతే అయింది. తర్వాత నెమ్మదిగా చెప్పారు. కొడుకు గదిలోకి రానే రాలేదంట, పెద్దావిడ మంచం దగ్గర కూర్చుని ఫోను వినిపించారంట. తెలుగు రాకపోయినా మా అత్తయ్య గొంతులో సుగుణ పేరు వినగానే ఆ పెద్దావిడ తల తిప్పి, ఇదెవరు అని అడిగిందంట, ఏమంటోంది అని అడిగిందంట. షమీమ్ గారు ఉన్నదున్నట్టు అరబీలో చెప్పారు. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ విని కొడుకుని పిలిపించి, "ఆ తల్లి నేను అన్నం తిన్నానా అని అడుగుతోంది, నువ్వు ఆ తల్లికి బిడ్డని ఇవ్వనంటున్నావా?" అందంట. ఆయన తల వంచుకుని నిలబడ్డాడంట.

సహోదరీ సహోదరులారా, ఆ ఇంటి తలుపు తెరవడానికి నేను తయారుచేసుకున్న మాటలన్నీ పక్కన పెట్టి, దేవుడు ఒక దుఃఖపడే ముసలి తల్లి మాటని, మన విశ్వాసం కాని ఒక బందరు సోదరి చేత అక్కడికి పంపించాడు. ఇది నా ఊహ కాదు, సంతకం నిజం, విమానం నిజం, కార్గో దగ్గర మా ఆయన రెండు చేతులతో పట్టుకున్న ఆ పెట్టె నిజం.

హైదరాబాదు నుంచి అంబులెన్సులో ఇద్దరం దాంతోపాటే వచ్చాం. తెల్లవారాక చల్లపల్లి, మోపిదేవి దాటుతుంటే మా ఆయన పెట్టె మీద చెయ్యేసి, ఊళ్ళూ సెంటర్లూ వచ్చినప్పుడల్లా చెల్లెలికి పేర్లు చెప్తూ వచ్చాడు, ఇదిగో మోపిదేవి, ఇదిగో మన అవనిగడ్డ అని. ఆ మనిషి అంత మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఇంటి ముందు దింపాక, చాలా రోజులైంది, పెట్టె తెరవకపోవడమే మంచిదని ఎవరో అన్నారు. నేను నోరు తెరవబోయేలోపే పాస్టరు గారు సుత్తి అడిగి తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని మేకులు తానే ఒక్కొక్కటీ లాగారు. ముఖం బాగానే ఉంది. నిద్రపోతున్నట్టుందని అబద్ధం చెప్పను, మారింది, కానీ సుగుణే. మా అత్తయ్యని రెండు వైపులా పట్టుకుని తీసుకొచ్చాం. వంగి, చెంప మీద చెయ్యి పెట్టి, జుట్టు వెనక్కి సర్ది, "వచ్చావా అమ్మా" అంది.

ఏడ్చింది. ఒకరి ఏడుపు విని దేవునికే మహిమ అని ఎవరైనా అంటారా, నేనన్నాను. పుట్టినప్పటి ముద్దుపేరు పెట్టి పిలుస్తూ, చిన్నప్పుడు కాలవలో జారిపోయిన సంగతి, పెళ్ళి చీర నచ్చక అలిగిన సంగతి, అన్నీ చెప్పుకుంటూ ఆవిడ ఏడుస్తుంటే, అన్ని వారాలు మా ఇంటి గుండెల మీద కూర్చున్న బండ దొర్లిపోయినట్టయింది. కాఫీ తాగకుండా వెళ్ళిన ఆ పెద్దాయనే ముందు నిలబడి పెట్టె పట్టారు. మామయ్య గారి సమాధి పక్కన, మన మట్టిలో, మన పాటలతో సుగుణని పడుకోబెట్టాం.

మర్నాడు షమీమ్ గారు ఫోన్ చేసి, పెద్దావిడ అడుగుతోంది, ఆ తల్లి చూసిందా అని, అన్నారు. నేను చెప్పబోతుంటే అత్తయ్య ఫోను లాక్కుంది. "చూశానమ్మా. నా పిల్లని నాకు పంపించావు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి." షమీమ్ గారు ఆ మాటలు మళ్ళీ ఒక్కసారి చెప్పించుకుని, అప్పుడు అరబీలోకి మార్చారు.

ఇది చదువుతున్న మీలో ఎవరి మనిషైనా పరాయి దేశపు మార్చురీలో ఉండి ఉంటే, తలుపులన్నీ మూసుకుని ఉంటే, ఆఫీసుల చుట్టూ తిరగడం మానొద్దు, అడగాల్సిన వాళ్ళని అడగండి, మా ఇంటికొస్తే ఎవరిని ఎలా అడగాలో నేనే నేర్పుతాను. కానీ మాటలన్నీ అయిపోయిన చోట భయపడకండి. అక్కడ కూడా వినేవాడున్నాడు, మన ప్రార్థన ఎవరి చెవిలో పడాలో ఆయనకి మనకంటే బాగా తెలుసు. ఆయన్ని నమ్మండి. నేను వాదించి వాదించి నమ్మినదాన్ని, కాబట్టి ఈ మాట తేలిగ్గా అనడం లేదని మీకు తెలుసు.

మా అత్తయ్య ఇప్పుడు కుటుంబ ప్రార్థనలో కూతురి పేరు దగ్గరికి రాగానే ఆగి, కాసేపు ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఆపిన చోట నుంచి మళ్ళీ అందుకుంటుంది. ఆవిడ అందుకునే దాకా మేమందరం కళ్ళు మూసుకుని ఆగుతాం. ఆ కన్నీళ్ళు ఇచ్చిన దేవునికే స్తోత్రం.